అక్కకు నేనిచ్చిన మాత్ర

తొమ్మిదేళ్లు ఒక అబద్ధంతో బతికాను. "లేదు సార్" అన్నాను. అంతే, రెండు మాటలు. ఆ రోజు నుంచి ఎమ్మిగనూరు నుంచి ఫోన్ వస్తే చాలు, నా గుండె దడదడలాడేది. ఎవరికో తెలిసిపోయింది, అడగడానికే చేశారు అనుకునేదాన్ని. తీరా చూస్తే పిల్ల పరీక్షల సంగతో, పండక్కి రమ్మనో చెప్పడానికి చేసి ఉండేవారు.

మీరెవరో నాకు తెలియదు. తెలియదు కాబట్టే మీకు చెప్పగలుగుతున్నాను. నా పేరు మాత్రం అడగకండి.

మాది ఎమ్మిగనూరులో మగ్గం నేసే ఇల్లు. ఇద్దరం ఆడపిల్లలం. అక్క పార్వతి నాకంటే ఆరేళ్లు పెద్ద. అక్క పదో తరగతితో ఆపి మగ్గంలో దిగింది, పెళ్లయ్యాక కూడా ఆ ఊళ్లోనే నేసేది; నేను చదువుకుని ఆదోనిలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో లెక్చరర్‌నయ్యాను. మొదటి రోజు ఎనభై మంది పిల్లల ముందు నిలబడితే చెయ్యి ఎంత వణికిందంటే, బోర్డు మీద నేను రాసింది నేనే చదవలేకపోయాను. వెనక బెంచీలో ఎవరో నవ్వారు. వారం రోజులు అలాగే గడిచాక ఆదోనిలోనే ఒక డాక్టరు దగ్గరికి వెళ్లాను.

ఆయన ఓపికగా చెప్పారు. భయమేసినప్పుడు ఒంట్లో అడ్రినలిన్ అనేది ఊరుతుందట. గుండె వేగం పెంచేది, చేతులు వణికించేది, నోరు ఎండగట్టేది అదేనట. ఒక మాత్ర రాశారు. క్లాసుకు గంట ముందు సగం ముక్క వేసుకోమన్నారు. రాసే ముందు ఒక ప్రశ్న అడిగారు. "ఆయాసం గానీ ఉబ్బసం గానీ ఏమైనా ఉందామ్మా నీకు?" లేదన్నాను. ఎందుకు అడిగారో నేను అడగలేదు.

ఆ సగం ముక్క నా బతుకు మార్చేసింది. భయం మనసులో ఎక్కడో ఉండేది, కానీ ఒంటికి తెలిసేది కాదు. గుండె నెమ్మదిగా కొట్టుకునేది. చెయ్యి కదలకుండా రాసేది. ఆ మాత్రలు ఎప్పుడూ నా హ్యాండ్‌బ్యాగులో ఉండేవి.

అక్కకు చిన్నప్పటి నుంచి ఆయాసం. నూలు దుమ్ముకు, చలికి, ఒక్కోసారి ఊరికే కూడా వచ్చేది. నోట్లో కొట్టుకునే పంపు ఒకటి చీర కొంగుకు కట్టుకునే తిరిగేది. రెండుసార్లు కొట్టుకుంటే కాసేపటికి ఊపిరి సర్దుకునేది. మళ్లీ మగ్గంలో దిగేది.

తొమ్మిదేళ్ల కిందట అక్క గోనెగండ్లలో బంధువుల ఇంటికి పోయి వస్తూ బస్సు కోసం నిలబడి ఉంటే, కళ్ల ముందే ఒక జీపు వచ్చి కూలికి పోయే ఒకామెను గుద్ది ఆగకుండా వెళ్లిపోయింది. ఆమె అక్కడే చనిపోయింది. చూసినవాళ్లు పదిమంది ఉన్నారు. సాక్ష్యం చెబుతానన్నది అక్క ఒక్కతే. జీపు వాళ్లు పలుకుబడి ఉన్నవాళ్లు. వద్దని బావ చెప్పాడు, నేనూ చెప్పాను. "నేను సూసినాను గదా పాపా, సూల్లేదని యెట్ల సెప్పేది?" అంది. అక్క నన్ను ఎప్పుడూ పాపా అనే పిలిచేది.

ఆదోని కోర్టుకు రమ్మని సమన్లు వచ్చాయి. పొద్దున్నే మొదటి బస్సుకు అక్కా బావా మా ఇంటికి వచ్చారు. టిఫినుకు బొరుగుల ఉగ్గాని పెడితే అక్క రెండు ముద్దలు కూడా తినలేదు. బావ వీధి గుమ్మం దగ్గర కూర్చుని పేపరు చూస్తున్నాడు. అక్క వంటింట్లోకి వచ్చి నా చెయ్యి తీసుకుని తన గుండె మీద పెట్టుకుంది.

"సూడు పాపా, యెట్ల కొట్టుకుంటాండాదో. లాయరు గద్దిస్తే నాకు నోరు రాదు. ఆ యమ్మకు ఇద్దరు పిల్లోళ్లంట. నేను తప్పు సెప్తే వాళ్ల గతేమి?"

ఆమె చేతులు వణుకుతున్నాయి. నా చేతులు మొదటి రోజు ఎలా వణికాయో అలాగే. నేను హ్యాండ్‌బ్యాగు తెరిచాను.

ఇక్కడ ఆగాలి నేను. ఇన్నేళ్లలో నాకు నేను చెప్పుకున్న కథలో, ఆ క్షణాన నాకు ఏమీ గుర్తులేదు. అక్క మీద ప్రేమతో ఇచ్చాను, తెలియక ఇచ్చాను, అంతే. అది నిజమేనా? డాక్టరు అడిగిన ప్రశ్న నాకు గుర్తుకు రాలేదా? వచ్చింది. మాత్రల అట్ట చింపుతుంటే ఒక్క రెప్పపాటు వచ్చింది. ఆయాసం ఉందా అని అడిగారు కదా, అని. డాక్టర్లు అందరినీ అన్నీ అడుగుతుంటారులే అనుకుని ఆ ఆలోచనను పక్కకు నెట్టేశాను. నేను రోజూ వేసుకుంటున్నాను, నాకేమీ కాలేదు, అక్కకేమవుతుంది? పైగా అక్క వణుకు నా వణుకు కంటే ఎక్కువ అనిపించి, నేను సగం వేసుకునేదాన్ని, ఆమెకు మొత్తం ఇచ్చాను.

"ఇది యేసుకుంటే వణుకు పోతాదా?"

"పోతుందక్కా. నేను వేసుకునేది ఇదే."

నమ్మి మింగింది.

పదిన్నరకు కోర్టు వరండాలో కూర్చున్నాం. బావ లాయరు కోసం చూస్తూ అటూ ఇటూ తిరుగుతున్నాడు. అక్క ముఖం తేటగా ఉంది. "గుండె నిమ్మళించె పాపా. ఇప్పుడు పిలిస్తే బాగా సెప్తాను," అంది. నాకు ఎంత గర్వంగా అనిపించిందో ఎలా చెప్పను? అక్క నాకు ఎన్నో చేసింది, నేనూ ఒకటి చేశాననిపించింది.

కాసేపటికి దగ్గు మొదలైంది. అది పత్తి వచ్చే కాలం. రోడ్డు మీద లారీ వెనక లారీ పోతోంది, గాలిలో దుమ్ము. అక్క పంపు తీసి రెండుసార్లు కొట్టుకుంది. మామూలుగా అయితే తగ్గాలి. తగ్గలేదు. మళ్లీ కొట్టుకుంది. ఈల వేసినట్టు ఊపిరి. మళ్లీ. కళ్లు పెద్దవయ్యాయి. నా భుజం పట్టుకుంది, గోళ్లు దిగేలా. బావ పరుగెత్తుకొచ్చాడు. ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోయేసరికి పెదాలు నల్లబడ్డాయి.

డ్యూటీ డాక్టరు వయసులో చిన్నవాడు. ముక్కుకు మాస్కు పెట్టి మందు ఆవిరి పట్టించాడు, సూది వేశాడు. అక్క మణికట్టు పట్టుకుని గోడ గడియారం వైపు చూశాడు. ఆయన ముఖం మారింది.

"ఇంత ఆయాసంలో గుండె పరుగెత్తాలి. ఇంత నెమ్మదిగా కొట్టుకుంటుందేమిటి? ఈ రోజు మాత్రలేమైనా వేసుకుందా? బీపీకి గానీ, గుండెకు గానీ?"

"ఆ పంపు తప్ప ఇంగేమీ లేదు సార్," అన్నాడు బావ.

డాక్టరు నా వైపు తిరిగాడు. "మీకేమైనా తెలుసా? బాగా గుర్తు చేసుకోండి."

హ్యాండ్‌బ్యాగు నా చంకలోనే ఉంది. అందులో మాత్రల అట్ట ఉంది, ఒక మాత్ర చింపిన అట్ట. ఆ రోజు నేను వేసుకోలేదు. నా గుండె చెవుల్లో కొట్టుకుంటోంది. బావ నన్నే చూస్తున్నాడు.

"లేదు సార్," అన్నాను.

ఎందుకన్నాను? పోలీసులకు భయపడా? బావకు భయపడా? ఆ ఒక్క ప్రశ్నతో నేను చేసిందేమిటో నాకు ఒక్కసారిగా అర్థమైపోయి, అది నిజం కాకూడదని అన్నానా? తెలియదు. ఆలోచించి చెప్పిన అబద్ధం కాదది. నా ఒంట్లో ఊరిన భయం నా నోటితో మాట్లాడింది. అలా అనుకుంటే కొంచెం తేలికగా ఉంటుంది. కానీ ఆ తర్వాత గంటకు పైగా అక్క ప్రాణంతోనే ఉంది. ఆ గంటలో ఏ నిమిషంలోనైనా నేను లేచి, సార్, ఒక మాత్ర ఇచ్చాను అని చెప్పి ఉండవచ్చు. ఆ గంట మాత్రం భయం కాదు. అది నేనే.

మధ్యాహ్నానికి అక్క పోయింది. "ఈ మందుకు లొంగాలి మామూలుగా," అని డాక్టరు తనలో తాను అనుకోవడం విన్నాను.

పెద్దకర్మ అయ్యాక, నా డాక్టరు దగ్గరికి వెళ్లి ఎవరి గురించో అడిగినట్టు అడిగాను. ఆయన చెప్పింది నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "అడ్రినలిన్ గుండెను పరుగెత్తించడమే కాదమ్మా, ఊపిరి గొట్టాలను తెరుస్తుంది కూడా. ఆయాసం పంపులో మందు చేసేదీ ఆ పనే. బస్సులో తువ్వాలు వేసి సీటు పట్టుకుంటారు చూడు, ఈ మాత్ర అలా ముందే పోయి గుండెలోనూ ఊపిరి గొట్టాల్లోనూ అడ్రినలిన్ కూర్చునే చోట్లన్నీ పట్టేస్తుంది. తర్వాత పంపు ఎన్నిసార్లు కొట్టినా మందుకు చోటుండదు. అందుకే ఉబ్బసం వాళ్లకు ఇది ఇవ్వకూడదు." మాత్ర వేసుకున్నట్టు ముందే తెలిస్తే కాపాడొచ్చా అని అడిగాను. వేరే దారిలో పనిచేసే మందులు ఉన్నాయి, ప్రయత్నించేవాళ్లు, చెప్పలేం అన్నారు. ఆ 'చెప్పలేం' దగ్గరే నేను తొమ్మిదేళ్లుగా నిలబడి ఉన్నాను.

అక్క పోయాక నేను ఆ మాత్రలు విసిరికొట్టానని మీకు చెప్పాలని ఉంది. రెండు నెలలు మానేశాను. కాలేజీకి ఇన్‌స్పెక్షన్ వస్తుందన్న రోజు మళ్లీ సగం ముక్క వేసుకున్నాను. చెయ్యి వణకలేదు.

ఇంతకంటే ఘోరమైనది ఇంకొకటి ఉంది. ఆ కోర్టు రోజుకు ముందు వారం, బావ అక్క పంపును మోపెడ్ డిక్కీలో పెట్టి ఎండలో మరిచిపోయాడట. ఎండకు మందు చెడిపోయింది, అందుకే పనిచేయలేదు అని ఆయన నమ్మాడు. కర్మ రోజునే నాతో అన్నాడు. "నేనే సంపినాను పాపా. మందు ఎండకు సచ్చిపోయింటాది. నేను కొత్తది తెచ్చింటే బతికుండు." నేను కాదనలేదు. తల ఊపాను. ఆయన తరువాత మనుషుల్లో కలవడం మానేశాడు. మగ్గం మీద కూర్చుంటే కూర్చున్నట్టే. ప్రతి ఏడాదీ అక్క తిథికి నేను వెళ్లి, ఆయన వడ్డించిన అన్నం తిని వచ్చాను. జీపు కేసు ఏమైందో, ఆ ఇద్దరు పిల్లలు ఏమయ్యారో ఇప్పటికీ కనుక్కోలేదు.

ఇలాగే చచ్చిపోయేదాన్నేమో. కానీ పోయిన నెల అక్క కూతురు శ్రావణి ఫోన్ చేసింది. ఇప్పుడు దానికి ఇరవై రెండు. తల్లి ముఖమే వచ్చింది, తల్లి ఆయాసమూ వచ్చింది. ఏదో కంపెనీ ఇంటర్వ్యూకు పిలిచిందట.

"పిన్నీ, నాకు శానా భయంగా ఉండాది. నా ఫ్రెండ్ ఒకామె భయం తగ్గే మాత్రంట, ఇస్తానంటాంది. యేసుకోవచ్చా?"

నేను అరిచాను. ఏమని అరిచానో గుర్తులేదు. మా ఆయన పక్క గదిలోంచి పరుగెత్తుకొచ్చాడు. వేసుకోనని దాని చేత మూడుసార్లు అనిపించుకున్నాను. "ఎందుకు పిన్నీ?" అని అడిగింది. సమాధానం నాకు తప్ప ఎవరికీ తెలియదు. నేను బస్సు కింద పడి పోతే, ఆ పిల్లకు చెప్పేవాళ్లు ఈ లోకంలో లేరు.

మరుసటి రోజు పొద్దున మా ఆయనకు చెప్పాను. ఆయన ముఖం తిప్పుకున్నాడు. ఎమ్మిగనూరు బస్సెక్కాను. బావ మగ్గంలో ఉన్నాడు. నిలబడే చెప్పాను, కూర్చునే ధైర్యం లేక. మాత్ర సంగతి, నాకు గుర్తొచ్చిన ప్రశ్న సంగతి, డాక్టరుకు చెప్పిన అబద్ధం, తల ఊపడం. ఆయన చేతిలో అటూ ఇటూ పోగును నడిపే నాడె ఆగిపోయింది. నా వైపు తిరిగి అడిగాడు.

"అయితే ఆ పంపు మంచిదేనా?"

"మంచిదే బావా."

"నువ్వు తిథికొచ్చి ఈడ కూసోని అన్నం తింటాంటివి గదా. నా మొగం సూస్కుంటా."

అవునన్నాను.

"పో," అన్నాడు. గొంతు పెంచలేదు. కొట్టి ఉంటే బాగుండేది.

బస్టాండులో కూర్చున్నాను. దగ్గరున్న ఒక ముసలామె నా ముఖం చూసి నీళ్లిచ్చింది. భయం పోతుందేమో అనుకున్నాను, పోలేదు. ఇప్పుడు శ్రావణికి తెలుస్తుంది, ఊరికి తెలుస్తుంది. తెలుస్తుందేమో అన్న భయం మాత్రం పోయింది. దాని చోటు ఖాళీగా ఉంది. నొప్పిగా కూడా ఉంది, కానీ ఊపిరి ఆడుతోంది.

నాలుగు రోజులకు బావ ఫోన్ చేశాడు. నా పేరు పిలవలేదు, పాపా అనలేదు.

"ఆ మాత్ర పేరు సెప్పు. శ్రావణి మందుల చీటీ మీద రాసిపెట్టల్ల."

ప్రొప్రానొలాల్ అన్నాను. అర్థం కాలేదు, మళ్లీ చెప్పమన్నాడు. ఒక్కో అక్షరం విడదీసి చెప్పాను. అవతల పెన్ను కాగితం మీద కదులుతున్న చప్పుడు వినిపించింది. రాయడం అయిపోయాక ఫోన్ పెట్టేశాడు.