చేత్తో తినే పుపూసా

ఆఫీసు అయ్యాక పారమట్టా స్టేషన్‌లో ట్రైన్ ఎక్కి కూర్చున్నాక, ఎదురు సీట్లోని పెద్దావిడ ఒళ్లో ఫాయిల్ పొట్లం విప్పింది. కాలిన మొక్కజొన్న రొట్టె వాసన బోగీ అంతా పరుచుకుంది. ఆవిడ పక్కనున్నాయన ముక్కు చిట్లించి, "ఇలాంటివి ఇంట్లో తినొచ్చుగా" అన్నాడు.

"వండింది ఇంట్లోనే. ఆకలి ఇక్కడ వేసింది" అందావిడ, తల కూడా తిప్పకుండా.

నాకు నవ్వు ఆగలేదు. అది చూసి ఒక రొట్టె నా చేతిలో పెట్టింది. ఆవిడ దేశం ఎల్ సాల్వడార్‌లో దీన్ని పుపూసా అంటారట. లోపల ఉడికించి మెదిపిన చిక్కుడు గింజలు, చీజ్. నేను అలవాటుగా బ్యాగులోంచి ఆఫీసులో లంచ్‌కి వాడే స్పూన్ తీశాను. ఆవిడ నా మణికట్టు పట్టుకుంది.

"మా అమ్మ ఉంటే ఆ స్పూన్‌తోనే కొట్టేది."

చేత్తో తుంచుకుని తిన్నాను. ఎలా చేస్తారని అడిగితే గాల్లోనే చేసి చూపించింది. పిండి ముద్దలో గుంట చేసి, కూరి, మూసి, రెండు అరచేతుల మధ్య తిప్పుతూ తట్టింది. అచ్చం మా అమ్మ జొన్నరొట్టె తట్టే చప్పుడే. పక్కనాయన విసుక్కుంటూ లేచి వేరే సీటుకి వెళ్లాడు. ఆవిడ ఇంకాస్త గట్టిగా తట్టింది.

నా స్టేషన్ టూంగాబీ రాగానే దిగిపోయాను. పేరు కూడా అడగలేదు.

మర్నాడు ఆఫీసు లంచ్‌రూమ్‌లో గోంగూర పప్పు అన్నంలో వేళ్లతో కలుపుతున్నాను. మా టీములోని గుంటూరాయన అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, "స్పూన్ మర్చిపోయారాండీ? నా దగ్గర ఎక్స్‌ట్రా ఉంది" అన్నాడు.

"మర్చిపోలేదండీ" అన్నాను, అందరికీ వినపడేలా.