మోర్వెన్ సంచులు

గ్లాస్గోలో ఏ యూనివర్సిటీ చూడ్డానికి రమ్మన్నా మోర్వెన్ ముందుంటుంది. పాఠాల సంగతి అడగదు. క్యాంటీన్ సూప్ రుచి చూసి, లైబ్రరీ కుర్చీలో కాసేపు ఊగి, ఊరికే ఇచ్చే గుడ్డసంచి భుజాన వేసుకుని ఇంటికొస్తుంది. ఆ సంచుల్లో బంగాళాదుంపలు నింపే అమ్మమ్మ ఎఫీ, "చదువుకోవడానికేనా, సంచుల కొట్టు పెట్టడానికా?" అంటుంది. చివరికి మోర్వెన్ ఊరికి ఆ చివరన ఉన్న యూనివర్సిటీని ఖాయం చేసింది.

"అంత దూరమెందుకే?"

"అక్కడ చదువు బాగుంటుంది అమ్మమ్మా."

అసలు సంగతి వేరు. మిగతావాటికి వెళ్లే బస్సులన్నీ అమ్మమ్మ కిటికీ ముందునుంచే పోతాయి. బస్సులో తన పక్కన ఎవరు కూర్చున్నారో సాయంత్రానికల్లా వీధంతటికీ తెలిసిపోతుంది.

ఎఫీ టీలో పాలు పోస్తూ తలూపింది. "మంచిదే తల్లీ. మా చెల్లెలు నెట్టా ఇల్లు సరిగ్గా ఆ గేటుకి ఎదురే. దానికీ కిటికీ ఉంది."