పొగకు ధర వస్తుందన్న చలికాలం

పొగకు ధర కట్టబోతున్నారన్న కబురు నాకు మొదట తెచ్చింది మా పక్కింటి పెద్దావిడ. ఆకులు రాలే రోజులు. వీధిలో అందరూ ముంగిట్లో ఆకులు పోగుచేసి పెద్ద పెద్ద కాగితం సంచుల్లో నింపుతున్నారు. ఆవిడ తన సంచిని సగంలో వదిలేసి, చేతి తొడుగులు విప్పుకుంటూ మా గుమ్మంలోకి వచ్చింది. బొగ్గు కాల్చి కరెంటు తీసేవాళ్ళు, గ్యాస్ అమ్మేవాళ్ళు ఇకమీదట ఆ పొగకు పర్మిట్లు కొనుక్కుని డబ్బు కట్టాలట. ఇక్కడి పార్లమెంటు, అదే కాంగ్రెస్‌లో ఒక సభ సరేనందట, రెండోది కూడా సరేనంటే చట్టమైపోతుందట.

“కంపెనీలు కడితే మీకేంటమ్మా?” అన్నాను, నాకొచ్చిన ఇంగ్లీషులో.

“కంపెనీ తన జేబులోంచి ఎప్పుడు కట్టింది, హనీ? నా బిల్లులోంచి కడుతుంది.”

ఆవిడ నన్ను ముద్దుగా హనీ అనేది, నేను ఆవిడని అమ్మా అనే పిలిచేదాన్ని. అర్థం ఏమిటని ఒకసారి అడిగింది, చెప్పాను. అప్పటినుంచి అలా పిలవకపోతే పలికేది కాదు.

మేము ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఉండేవాళ్ళం. కార్ల కంపెనీలు కుదేలైన ఏడాది అది. మావారి కాంట్రాక్టు ఆగిపోయింది, వేరే రాష్ట్రంలో పని దొరికింది. ఇల్లు అమ్ముదామంటే కొన్న ధరలో సగం కూడా వచ్చేలా లేదు. ఆయన అక్కడ ఒక గదిలో, నేను ఇక్కడ నాలుగు గదుల్లో. పిల్లలు లేరు. మంచులో కారు నడపడం నాకు చేతకాదు. చిన్నప్పుడు జబ్బు చేసి బడికి పోలేకపోతే నాన్నే ఇంట్లో కూర్చోబెట్టి తెలుగూ లెక్కలూ నేర్పాడు. ఇంటిపట్టున ఉండడం నాకు కొత్త కాదు. కాని ఆ ఇంట్లో నాన్న గొంతు ఉండేది. ఇక్కడ పొద్దున పూజ చేసుకుని లేచాక, మళ్ళీ రాత్రి ఫోన్ మోగేదాకా వినిపించేది బేస్‌మెంట్‌లో ఇల్లు వెచ్చబెట్టే గ్యాస్ ఫర్నేస్ చప్పుడొక్కటే. అది వెలిగినప్పుడల్లా ఎవరో ఇంట్లోకి వచ్చినట్టుండేది. ఆ చప్పుడు ఇచ్చినందుకు కూడా స్వామికి దణ్ణం పెట్టుకున్న రోజులున్నాయి.

ఆవిడదీ ఒంటరి కాపురమే. భర్త కార్ల ఫ్యాక్టరీలో పనిచేసి, రిటైరై, కాలం చేశాడు. ఆయన పెన్షన్‌లో కొంత ఆవిడకి వస్తుంది. ఇల్లు పాతది, కిటికీలకు ఒంటి అద్దాలు, గోడల్లో చలిని ఆపే పొర లేదు. చలికాలం మూడు నెలలూ గ్యాస్, కరెంటు కట్టాక మందులకీ తిండికీ సర్దుకోవడమే సరిపోయేది. ఇప్పుడా బిల్లు ఇంకా పెరిగితే ఇల్లు వదులుకోవలసిందే అని ఆవిడ భయం. పెళ్ళయి వచ్చిన ఇల్లు అది.

రాత్రి ఫోన్లో మావారికి చెప్పాను.

“మంచిదేగా,” అన్నారు. “పొగ ఫ్రీగా వదలనిస్తే ఎవడూ తగ్గించడు. ఒక ప్రైస్ పెడితే ఆటోమేటిక్‌గా తగ్గిస్తారు. జనాలకి కొంత రిబేట్ ఇస్తామంటున్నారు కూడా.”

పక్కింటావిడ సంగతి చెప్పాను. ఆవిడ ఫర్నేస్, కిటికీలు మార్పించుకుంటే మంచిదన్నారు. దానికెంతవుతుందో ఆవిడ అప్పటికే మనిషిని పిలిపించి కనుక్కుంది. అంత డబ్బు చేతిలో ఉంటే భయపడేదే కాదు.

మొదటి మంచు పడ్డాక మేమిద్దరం ఒక ఏర్పాటు చేసుకున్నాం. ఇద్దరు మనుషులకు పగలంతా రెండు ఇళ్ళు వెచ్చబెట్టడం దేనికి? ఒకరోజు మా ఇంట్లో, ఒకరోజు వాళ్ళింట్లో. ఖాళీగా ఉన్న ఇంట్లో వేడి తగ్గించేయాలి. ఆదివారం ఆవిడ చర్చికి పోతుంది కనుక లెక్కలోకి రాదు. రోజూ మా ఇంటికే రమ్మన్నాను, ఆవిడ ఒప్పుకోలేదు. వంతు అంటే వంతే.

మా ఇంటికి వచ్చిన రోజు నేను వేడి కాస్త పెంచేదాన్ని. ఇంటికొచ్చిన పెద్దావిడని వణకనిస్తామా? మూడోసారికి కనిపెట్టింది. మాట్లాడకుండా లేచి వెళ్ళి థర్మోస్టాట్ తనే తగ్గించి, కొక్కేనికి తగిలించిన మావారి స్వెట్టర్ తొడుక్కుని వచ్చి కూర్చుంది. అది మోకాళ్ళ దాకా వచ్చింది.

“మీ ఆయన తిరిగొస్తే ఇది ఇవ్వను, ఇప్పుడే చెప్పెయ్యి,” అంది.

నా హారతికి ఒకసారి పొగ అలారం మోగింది. “నీ దేవుడు కూడా పర్మిట్ కొనుక్కోవాలి,” అంటూ తువ్వాలుతో అలారం కింద పొగను విసిరి తోలింది. నేను చాలా నెలల తర్వాత గట్టిగా నవ్వాను. ఆవిడ తన కుర్చీలో అల్లుకునేది, నేను చారు కాచేదాన్ని. మిరియాల చారు కప్పులో పోసుకుని టీ తాగినట్టు తాగేది. మధ్యాహ్నం ఆవిడ తన బైబిల్ తీసేది, నేను నా స్తోత్రాల పుస్తకం తీసేదాన్ని. ఎవరిది వాళ్ళు మనసులో చదువుకునేవాళ్ళం. ఆ గంట ఇచ్చిన దేవుడెవరో, ఆవిడ దేవుడో నా స్వామో, నేను ఎప్పుడూ విడదీయలేదు.

మాఘమాసం రోజుల్లో లైబ్రరీలో ఈ చట్టం మీద మీటింగ్ పెట్టారు. ఆవిడే కారు నడిపి తీసుకువెళ్ళింది. ఒకాయన లేచి, ఇంటికి పడే భారం దాదాపు తెలియనే తెలియదన్నాడు. ఇంకొకాయన, మధ్యతరగతి మునిగిపోతుందన్నాడు. ఇద్దరి దగ్గరా బొమ్మలు గీసిన అట్టలున్నాయి. ఇద్దరూ మర్యాదస్తులే. చివర్లో ఆవిడ చెయ్యెత్తి, మావారి స్వెట్టర్‌తోనే లేచి నిలబడింది.

“నాకు తిరిగి ఇస్తామంటున్న డబ్బు నా గ్యాస్ బిల్లు కంటే ముందు వస్తుందా, తర్వాత వస్తుందా? తర్వాతయితే, మధ్యలో నేను ఏం చెయ్యాలి?”

మొదటాయన మంచి ప్రశ్న అన్నాడు. ఆ వివరాలు చట్టం వచ్చాక తేలుస్తారని చెప్పాడు. రెండో ఆయన, చూశారా అన్నట్టు మా అందరివైపూ చూశాడు. తర్వాత ఆయనా తన అట్టలు సర్దుకున్నాడు. తిరిగి వచ్చేటప్పుడు రోడ్డు పక్కన మంచు నల్లబడి ఉంది.

మంచు కరుగుతుండగా దూరంనుంచి ఆవిడ కూతురు వచ్చింది. నా వయసే ఉంటుంది. ఆ అమ్మాయిది ఒకటే మాట: చట్టం వచ్చి బిల్లులు పెరిగాక ఇలాంటి చలి ఇంటిని ఎవరూ కొనరు, ఇప్పుడే ఎంతొస్తే అంతకు అమ్మేసి నా దగ్గరికి వచ్చేయి. కూతురు చెడ్డది కాదు, తల్లి ఇంట్లో గిన్నెలన్నీ తనే తోమి పెట్టింది. ఆవిడ వారం రోజులు వాదించింది, తర్వాత మానేసింది. ఆ రోజు మా ఇంటి వంతు. వచ్చి కూర్చుని, అల్లిక తీయకుండా, “అమ్మేస్తున్నాను,” అంది. నేను ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. ఉండమని అనడానికి నా దగ్గర ఏముంది? సగం రోజుల వెచ్చదనం తప్ప నేను ఇవ్వగలిగింది ఏమీ లేదు.

ఇల్లు కారుచవకగా పోయింది. ఇళ్ళు కొని పెట్టుకునే ఏదో కంపెనీ కొన్నది. ఆవిడ వెళ్ళిన రోజు ఊదారంగు లిలక్ పూలు పూశాయి.

ఆ వేసవిలోనే మావారు ఫోన్లో చెప్పారు, రెండో సభ ఆ చట్టం బిల్లును పక్కన పెట్టేసిందని. “డ్రాప్ చేశారు. ఇప్పట్లో మళ్ళీ రాదు,” అన్నారు. ఆయన గొంతులో నిరాశ ఉంది.

మర్నాడు ఆవిడకి ఫోన్ చేశాను. అప్పటికే తెలుసట.

“ఇంకో నాలుగు నెలలు ఆగి ఉంటే…” అన్నాను.

“ఆగి ఉంటే రావచ్చు, రాకపోవచ్చు అనుకుంటూ ఉండేదాన్ని, హనీ. ఆ చలికాలమంతా నన్ను చలి అంత బాధపెట్టలేదు. ఆ రావచ్చు అన్న మాటే నిద్రపోనివ్వలేదు.”

తర్వాతి చలికాలం ఆ ఇల్లు ఖాళీగానే ఉంది. ఇక్కడ ఖాళీ ఇంటిక్కూడా పైపులు గడ్డకట్టకుండా కాస్త వేడి పెట్టి ఉంచుతారు. పొద్దున కిటికీలోంచి చూస్తే ఆ కప్పు మీది గొట్టంలోంచి తెల్లటి పొగ వస్తూ ఉండేది, లోపల ఎవరో ఉన్నట్టు. మొదటి కొన్నాళ్ళు అలవాటుగా రెండు కప్పులకు సరిపడా చారు కాచాను.

పొగకు ధర పెట్టడం తప్పని నాకు ఇప్పటికీ అనిపించదు. మనం పాడుచేసిన గాలికి మనం ఏదో ఒకటి చెల్లించుకోవలసిందే. కాని అసలు రానే రాని ఆ ధరను మా వీధిలో అందరికంటే ముందు ఒక మనిషి పూర్తిగా కట్టేసింది, ఆవిడకి తిరిగి ఇచ్చేవాళ్ళు ఎవరూ లేరు. ఆ మాట లెక్కలు వేసేవాళ్ళ అట్టల మీద నాకు కనిపించలేదు, అందుకే రాస్తున్నాను.

మావారు తర్వాత తిరిగి వచ్చారు. నాకు దేవుడు ఏమీ తక్కువ చేయలేదు. ఆవిడకి మాత్రం ఇప్పుడు చెవులు వినపడవు, ఫోన్లో మాట అందదని కూతురు చెప్పింది. ఇంగ్లీషులో నాలుగు వాక్యాలు రాసేంత చదువు నాకు రాలేదు. ఇది చదివినవాళ్ళు, ఏ దేవుణ్ణి తలుచుకునేవాళ్ళయినా సరే, రేపటి ప్రార్థనలో ఆ పెద్దావిడని ఒక్కసారి తలుచుకోండి.