రాజన్న వేసిన గుడారం

జూలై 12, శనివారం సాయంత్రం. హాజరు: రాజన్న, ఎల్లవ్వ, మగ్గాల మీద పనిచేసే మరో ఐదుగురు, నేను. విషయం: గది ఖాళీ చేయడం. నిర్ణయం:

పాత డైరీలో ఈ పుట తెరిచి కూర్చున్నాను. వాన వెలిసింది. పాండేసరా వైపు నుంచి రంగుల మిల్లుల ఆవిరి, తడి గుడ్డ ఉడికిన వాసన కిటికీలోంచి వస్తోంది. ఆ వాసన వెంట రాజన్న కూడా వస్తాడు, అరచేతులు చొక్కాకు తుడుచుకుంటూ. ఆయన పోయి నాలుగేళ్లయింది.

నాది గోదావరి జిల్లా. గుజరాత్ వచ్చి, హజీరాలో ఒక కర్మాగారంలో యంత్రాలు బిగించే పని చేసి రిటైరయ్యాను. సిరిసిల్ల వైపు నుంచి వచ్చిన రాజన్న వడోద్‌లో ఉంటూ మగ్గం నడిపేవాడు. చదువు రాదు, కానీ విన్నది మరిచేవాడు కాదు. ప్రతి ఆదివారం ఉదయం అక్కడే ఒక మగ్గాల షెడ్డు మీది గదిలో మా తెలుగు ప్రార్థన జరిగేది. కింద మగ్గాలు ఆడుతుంటే నేల సన్నగా వణికేది. కళ్లు మూసుకుంటే పడవలో కూర్చున్నట్టుండేది. ఆ ఏడు నేను ఇశ్రాయేలీయులు ఎడారిలో మోసుకు తిరిగిన గుడారం గురించి వారానికో భాగం చదివి చెబుతున్నాను. మూరలను అడుగుల్లోకి మార్చి, ఒక్కో వస్తువునూ సుద్దముక్కతో నేలమీద గీసేవాణ్ణి.

ఆ శనివారం, మర్నాటికల్లా గది ఖాళీ చేయాలని యజమాని కబురు పంపాడు. మరో గది దొరకలేదు. ఇక ప్రార్థన ఆపేసి, ఎవరికి దగ్గరైన చర్చికి వాళ్లు వెళ్లడం మంచిదని కాగితం మీద రాసుకొచ్చి, సాయంత్రం ఆ గదిలోనే అందరికీ చదివాను.

"గుజరాతీ చర్చికి పోవాల్నా?" అన్నాడు రాజన్న. "గుజరాతీల నాకు శేఠ్‌ను ఛుట్టీ అడుగుడే ఎరుక సారూ. గా మాటల్ల మొక్కితే దేవుడు గూడ రేపు రా అంటడు."

"తెలుగుల అడిగితే వెంటనే ఇచ్చిండా ఏంది?" అంది ఎల్లవ్వ. మగ్గాల వాళ్లకు వంట చేసిపెట్టే మనిషి, ఎవర్నీ వదిలేది కాదు.

అందరూ నవ్వారు. రాజన్న మాత్రం పోయిన వారం నేను గీసిన మందసం ముందు గొంతుక్కూర్చున్నాడు. దేవుని ఆజ్ఞల పలకలు దాచిన బంగారు పెట్టె అది.

"పెట్టెకు మోసే కర్రలున్నయని సదివిండ్రు గద. బొమ్మల లేవేంది?"

"లోపల పెట్టేశాక కర్రలతో పనేముంది రాజన్నా? మా ఫ్యాక్టరీలో యంత్రాన్ని పునాది మీద దించాక, మోసిన సరంజామా అంతా తీసేస్తాం. అందుకే గీయలేదు."

"తియ్యొద్దన్నడు గదా సారూ."

పుటలు తిప్పి చూశాను. నిజమే. ఉంగరాల్లోంచి ఆ కర్రలు తీయకూడదు. నేనే గట్టిగా చదివి, నేనే దాటేసిన మాట.

"గంత బంగారం పెట్టె. గాడనే ఉండేదుంటే కర్రలెందుకు? మల్ల లేవాల్నని ఆయనకెరుకే. మనమే ఖోలీ పోయిందని ఏడుస్తున్నం." అరచేతులు చొక్కాకు తుడుచుకుంటూ లేచాడు: "రేపు మా ఖోలీకి రాండ్రి."

"అందులో ఆరుగురున్నారు కదయ్యా!"

"చాపలు సుట్టేస్తం."

కదలకుండా, మట్టం తప్పకుండా నిలిచిందే గొప్పదని జీవితమంతా నమ్మినవాణ్ణి. ఆ సాయంత్రం ఇంటికొస్తుంటే వడోద్ సందులన్నీ ఇసుక మీద వేసిన డేరాల్లా కనిపించాయి. గుడారం మీద దేవుడు నిలిపిన మేఘం లేస్తే చాలు, జనమంతా గుంజలు పీకి, గుడ్డలు మడిచి, తమ దేవుణ్ణి భుజాన వేసుకుని నడుస్తారు. డైరీలో నిర్ణయం అన్నచోట ఏమీ రాయలేకపోయాను. ఇవాళ్టికీ ఖాళీగానే ఉంది. ఆ ఖాళీని చూసుకుంటూనే ఆ తర్వాత మూడు ఇళ్లు మారాను, బెంగ లేకుండా.

మర్నాడు ఉదయం వెళ్లేసరికి రాజన్న గది ఊడ్చి ఉంది. ఒక మూలకు అడ్డంగా పూల గుడ్డ కట్టి ఉంది. ఆ రోజు నా పాఠం గుడారం లోపలి తెర గురించే: నీలం, ఊదా, ఎరుపు నూలుతో నేసిన తెర, దాని వెనక దేవుని సన్నిధి. నోరు తెరవబోతే రాజన్న పెదవి మీద వేలుంచాడు.

"జర మెల్లగ సారూ. మల్లేశం రాత్రి పాళీ చేసొచ్చి ఇప్పుడే పండిండు. తెర ఎనుకున్నడు."

ఆ గదిలోని ఆరుగురిలో ఒకడైన మల్లేశం మా ప్రార్థనకు వచ్చేవాడు కాదు. అయినా తన చాప ఆ మూలకు జరుపుకుని మాకు చోటిచ్చాడు. గుసగుసగా చదివాను. ఎల్లవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పాట ఎత్తుకుంది. మధ్యలో తెర కదిలింది. అందరం ఆగిపోయాం. మల్లేశం అటు ఒత్తిగిల్లాడు. అతని ఊపిరి మళ్లీ కుదురుకున్నాక రెండో చరణం అందుకున్నాం.