ఉమాపతి మేష్టారి ‘కనుక’

తార్నాకలో ఉమాపతి మేష్టారి మేడగది ట్యూషన్‌కు ఒకటే సూత్రం: తెలుగు మాటకు ఇంగ్లీషు మాట ఒక్కటే. ‘కనుక’ అంటే దేర్‌ఫోర్, ‘అయితే’ అంటే హవెవర్. అంతకుమించి బుర్ర పెడితే వాక్యం చెడుతుందనేవారు. తెనాలి నుంచి వచ్చి, ఇరవయ్యేళ్లుగా ఆ ముక్కతోనే బతుకు లాక్కొచ్చారు పాపం.

ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం ముదిరాక బ్యాచి పలచబడింది. ఆంధ్రా మేష్టారి దగ్గర చదువేమిటని కొందరు మానేశారు. రాజలింగు మాత్రం యూనివర్సిటీ హాస్టల్ నుంచి రోజూ వచ్చేవాడు. గ్రూప్స్ రాయాలి వాడు. పేరు మీద ఒక్క కేసు పడ్డా సర్కారు నౌకరీ కల్ల అని తెలుసు, అందుకే రాళ్ల జోలికి పోయేవాడు కాదు.

ఆ ఉదయం వీధిలో దుకాణాల షట్టర్లు సగమే లేచాయి. బస్సుల్లేవు. రాజలింగు నవ్వుతూ వచ్చాడు. కొత్తగా దిగిన పెద్ద పోలీసాఫీసరుకు తెలుగు రాదట. పోలీసులు గనుక లోపలికొస్తే పిల్లలు రాళ్లు వేస్తారేమో, దయచేసి రావద్దని హాస్టల్ వాళ్లు వాడి చేత ఇంగ్లీషులో మనవి రాయించారట. జేబులోంచి చిత్తుప్రతి తీశాడు.

మేష్టారు దాన్ని రెండుసార్లు చదివారు. పోలీసులు వస్తున్నారు, దేర్‌ఫోర్ పిల్లలు రాళ్లు వేస్తారు, అని ఉంది అందులో.

“ఇఫ్ ఏదిరా?”

“గనుక ఉన్నది గద సార్. గనుక అంటే దేర్‌ఫోర్ అని మీరే చెప్పిన్రు.”

నిజమే, తనే చెప్పారు. ‘వస్తే’ పక్కన చేరిన గనుక వేరే గనుక అని ఏనాడూ చెప్పలేదు. సంతకం ఎవరిదని అడిగారు. రాసినోడే పెట్టాలని హాస్టల్ వాళ్లు అంటే వాడే పెట్టాడట. అసలు కాగితం పొద్దున్నే ఆఫీసరుకు ఇచ్చేశారట కూడా.

పోలీసులకు తనే వెళ్లి చెబుదామని మేష్టారు చెప్పులు వేసుకున్నారు. భార్య కమలాదేవి గుమ్మానికి అడ్డం నిలబడి, అటు వాళ్లూ నమ్మరు, ఇటు వాళ్లూ నమ్మరు, అడకత్తెరలో పోకచెక్క అవుతారని మొత్తుకుంది. ఆయనకు భయం వేయకపోలేదు. సిగ్గు అంతకన్నా ఎక్కువ వేసింది. రాజలింగును వెంటబెట్టుకుని బయల్దేరారు.

హాస్టల్ గేటు దగ్గర వ్యాన్లు ఆగి ఉన్నాయి. ఎక్కడా అరుపుల్లేవు, నినాదాల్లేవు. ఇన్‌స్పెక్టర్ కాగితం చూసి రాజలింగు పేరు పిలిచి, వాణ్ణి వ్యాన్ ఎక్కించాడు. మేష్టారు అడ్డుపడి గనుక సంగతంతా విడమరిచారు. ఇన్‌స్పెక్టర్ ఓపిగ్గానే విన్నాడు.

“అంటే గీ ముక్క నేర్పింది మీరేనా?”

“నేనేనండి. తప్పు నాది, పిల్లాడిది కాదు.”

“అయితే మీరు గూడ ఎక్కుండ్రి.”

ఆ ‘అయితే’ హవెవర్ కాదని మేష్టారికి వెంటనే తెలిసింది. వ్యాన్ ఎక్కి రాజలింగు పక్కన కూర్చున్నారు.