పెదవి దాటని అంకెలు

మా అత్తయ్య పోయి రెండేళ్లయింది కాబట్టి ఇప్పుడు ఈ సంగతి చెప్పవచ్చు. ఆవిడ ఉన్నన్నాళ్లూ మా ఆయనకు కూడా చెప్పలేదు. నాకు ముక్కు మీద కోపం ఉన్న మాట నిజమే గానీ, నోరు జారే అలవాటు మాత్రం లేదు. ఆ రెండోది అత్తయ్య దగ్గర నేర్చుకున్నదే.

వీధిలో అందరూ ఆవిడను ఎక్స్ఛేంజి అత్తయ్య అనేవారు. పిన్ని వరస అయ్యేవాళ్లూ అంతే, ఏ వరసా లేనివాళ్లూ అంతే. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసి రిటైరైన మనిషి. ఒకప్పుడు ఊళ్లో ఎవరు రిసీవరెత్తినా ముందు వినిపించేది "నంబర్ ప్లీజ్" అనే ఆవిడ గొంతే. ఎదురుగా మనిషెత్తు బోర్డు, దాని నిండా వరసలుగా రంధ్రాలు, కింద తీగలు. ఒక రంధ్రం దగ్గర చిన్న దీపం వెలిగితే అందులో ఒక తీగ గుచ్చి, అవతలివాళ్ల రంధ్రంలో రెండో తీగ గుచ్చి, ఇద్దరినీ కలపాలి. "డాక్టరు గారింటికమ్మా" అంటే చాలు, నంబర్ అడగకుండానే కలిపేసేదట. డైరెక్టరీ తెరిచి చూడటం ఆవిడకు నామోషీ.

ఉద్యోగంలో ఆవిడ పెట్టుకున్న నియమాలు రెండే. నంబర్ అడిగినవాడికి అడిగిన వెంటనే చెప్పాలి. లైన్లో విన్న మాట మాత్రం ఎవరికీ చెప్పకూడదు. "పెదవి దాటితే పృథివి దాటుతుందే అమ్మాయ్" అనేది. ఎవరింట్లో పెళ్లి చెడిందో, ఎవరి కొడుకు ఎక్కడినుంచి ఏడుస్తూ ఫోన్ చేశాడో అన్నీ ఆవిడ చెవిన పడే ఉంటాయి. కాపురానికొచ్చిన కొత్తలో నేను ఎంత బతిమాలినా ఒక్క ముక్క రాల్చలేదు. "ఆ లైను ఎప్పుడో కట్టయిపోయింది" అని నవ్వి లేచిపోయేది.

మా ఇంట్లో ఎవరం ఫోన్లో నంబర్లు ఎక్కించుకునేవాళ్లం కాదు. అవసరమేముంది? "అమ్మా, గ్యాసు వాడి నంబరెంత?" అని మా ఆయన ముందుగదిలోంచి అరిస్తే, వంటింట్లోంచి తాలింపు చప్పుడుతో పాటు జవాబొచ్చేది. డెబ్బై దాటాక ఒకటి రెండుసార్లు తప్పింది. గ్యాసు వాడికి చేస్తే ఎవరో బట్టల కొట్టాయన ఎత్తాడు. "వాడు నంబర్ మార్చి ఉంటాడ్రా" అంది అత్తయ్య. మా ఆయన పకపకా నవ్వి, "నంబర్ మారలేదమ్మా, నీకు మతిమరుపొచ్చింది" అన్నాడు. సరదాకే అన్నాడు. కానీ ఆ పూట ఆవిడ అన్నం కెలికి లేచిపోయింది.

ఆ తర్వాత కొన్నాళ్లకు ఆవిడ పాత ఫోన్ మూలబడింది. కొత్తది కొందామంటే, "ఈసారి లైను నా పేరు మీద తీసుకుంటాను" అంది. అప్పుడు గానీ నాకు తట్టలేదు. ఊరందరికీ లైన్లు కలిపిన మనిషికి తన పేరు మీద ఒక్క లైనూ లేదు. ఇంట్లో మొదటి ఫోన్ మామయ్య పేరు మీద, తర్వాతది కొడుకు పేరు మీద. సరే పదండి అన్నాను. నేను కళ్లజోళ్ల దుకాణంలో పనిచేస్తాను. ఒక పూట సెలవు పెట్టి ఆవిడను ఫోన్ల కొట్టుకు తీసుకెళ్లాను.

ఇరుకు కొట్టు. అద్దాల బల్ల ముందు జనం ఒకరి మీద ఒకరు పడుతున్నారు. మా వంతు వచ్చాక కొట్టాయన తల ఎత్తకుండానే, "మీ గుర్తింపు నంబర్ చెప్పండమ్మా" అన్నాడు. నేను ఆవిడ గుర్తింపు కార్డు కోసం సంచీలో చెయ్యి పెట్టి వెతుకుతున్నాను. ఈలోగా అత్తయ్య నడుం నిటారుగా చేసి, గొంతు సవరించుకుని మొదలుపెట్టింది. అంకెకూ అంకెకూ మధ్య ఊపిరి తీసుకుంటూ, ఒక్కొక్కటీ గంట కొట్టినట్టు. మధ్యలో "విన్నారా?" అని కూడా అడిగింది. అంతా అయ్యాక మళ్లీ మొదటినుంచి ఇంకోసారి! ఎక్స్ఛేంజిలో అలాగే చెప్పాలట, తప్పు పోకుండా.

"భలే జ్ఞాపకం పెద్దమ్మా!" అన్నారెవరో వెనకనుంచి. అత్తయ్య ముఖం వెలిగిపోయింది. కొట్టాయన కంప్యూటర్ మొరాయిస్తోందని ఆ నంబర్ను ఒక అట్టముక్క మీద గీకాడు. ఆ అట్టముక్క ఇటివ్వమంటే, "ఉండనివ్వండమ్మా, సాయంత్రం ఎక్కిస్తాను" అన్నాడు. కార్డు జిరాక్సు కూడా ఒకటి ఉంచుకున్నాడు. నాకు కోపం నషాళానికంటింది.

రోడ్డు మీదికి రాగానే ఆగలేకపోయాను. "అది గుర్తింపు నంబర్ అత్తయ్యా, పదిమందికీ పాడి వినిపించడానికి పాట కాదు! మీ నోట్లో నువ్వుగింజ నానదా?"

ఆవిడ నడిరోడ్డు మీద ఆగిపోయింది. "నాకా? నా నోట్లో నానదా? ఊరి గుట్టంతా కడుపులో పెట్టుకుని రిటైరైనదాన్నే! నంబర్ దాచుకుంటారటే ఎవరైనా? నంబరుండేదే నలుగురికీ తెలియడానికి. దాచుకోవాల్సింది మాట."

మా పక్కనే బస్టాపులో ఒకాయన ఫోన్ చెవికి ఆనించుకుని, బావమరిదితో తనకున్న గొడవంతా కేకలేసి చెబుతున్నాడు. అత్తయ్య అటు చెయ్యి చూపించి, "అదిగో, దాచుకోవాల్సింది అది" అంది. కాలం మారిందని ఏదో గొణిగి రిక్షా పిలిచాను.

కొన్ని నెలలు బాగానే గడిచాయి. సాయంత్రం వరండాలో కూర్చుని, తన ఫోన్లో, తన పేరు మీదున్న లైన్లో మాట్లాడుకోవడం ఆవిడకు ఎంత ఇష్టమో చెప్పలేను. ఎవరు చేసినా ఎత్తగానే "నంబర్ ప్లీజ్" అని వేళాకోళమాడేది. ఒక రోజు ఉన్నట్టుండి ఆ ఫోన్ మూగపోయింది. మా ఆయన కంపెనీకి ఫోన్ చేసి కనుక్కుని, తల పట్టుకుని కూర్చున్నాడు. అత్తయ్య పేరు మీద, ఆవిడ గుర్తింపు నంబర్తోనే ఇంకో రెండు లైన్లున్నాయట. వాటిలో ఒకదాన్నుంచి ఎవడో జనాన్ని మోసం చేస్తున్నాడని ఫిర్యాదులట. అందుకని మూడూ ఆపేశారు. మనిషి స్వయంగా వచ్చి ఏది తనదో తేల్చి చెప్పాలి. నాకు ఆ ఫోన్ల కొట్టు గుర్తొచ్చింది. ఆ అట్టముక్క చూసి రాసుకున్నారో, జిరాక్సు వాడుకున్నారో, వరసలో నిలబడి విన్నారో, ఇప్పటికీ తెలియదు.

"ఇంక నీ పేరు మీద వద్దులేమ్మా. నా పేరు మీదికి మార్పించేస్తాను. ఈ వయసులో నీకెందుకీ తలనొప్పి?" అన్నాడు మా ఆయన.

అత్తయ్య లోపలికొచ్చి, కడిగిన గ్లాసునే మళ్లీ కడుగుతూ నాతో మెల్లగా అంది. "నువ్వన్నది నిజమే అమ్మాయ్. ఇంక ఆ నంబర్ ఎవరికీ చెప్పను. లైను మాత్రం నా పేరు మీదే ఉండనియ్యమని వాడికి చెప్పవే."

చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం అని నోటిదాకా వచ్చింది. ఆవిడ ముఖం చూసి మింగేశాను. ఎంతో జాలేసింది. ఆ లైను ఆవిడకు దక్కాలని నాకూ పట్టుదల వచ్చేసింది.

మర్నాడు ముగ్గురం కంపెనీ ఆఫీసుకు వెళ్లాం. పెద్ద హాలు, వరసగా కుర్చీలు, నేల మీద "ఇక్కడే నిలబడండి" అని పసుపు గీత. ఆ గీతను ఎవరూ లెక్కచేయడం లేదు. కౌంటర్లో ఉన్నావిడ నెమ్మదస్తురాలే. కంప్యూటర్ చూసి, "ఆ రెండు లైన్లూ మీవి కావు కదా పెద్దమ్మా?" అని అడిగింది. కావంది అత్తయ్య. "వాటిని మూసేస్తున్నాను. మూడోది మీరు వాడుకుంటున్నదేనా?"

మా ఆయన అందుకున్నాడు. "దాన్ని నా పేరు మీదికి మార్చేయండి మేడమ్. మా అమ్మకు ఏదీ గుర్తుండదు. పైగా ఎవరడిగినా నంబర్ చెప్పేస్తుంది."

"గుర్తులేని నంబర్ ఎలా చెబుతారండీ?" అన్నాను నేను. కౌంటర్లో ఆవిడ నవ్వాపుకుంది.

"లైను పెద్దమ్మ పేరు మీద ఉంది కాబట్టి ఆవిడ ఇష్టమే అడగాలి. పెద్దమ్మా, మీరే ఉంచుకుంటారా? అయితే మీ గుర్తింపు నంబర్ ఒక్కసారి చెప్పండి, తెరిచేస్తాను."

"అది మాత్రం బ్రహ్మాండంగా చెబుతుంది, వినండి" అన్నాడు మా ఆయన.

అత్తయ్య చుట్టూ చూసింది. "ఇంతమందిలో పైకి చెప్పను" అంది. కౌంటర్లో ఆవిడ మెచ్చుకోలుగా తలూపి, అంకెల మీటలున్న చిన్న పెట్టెను ఇటు తిప్పింది. "మంచిది. దీని మీద కొట్టండి."

అత్తయ్య వేలు మొదటి నాలుగంకెలూ చకచకా కొట్టింది. అక్కడ ఆగిపోయింది. చెరిపేసి మళ్లీ మొదలుపెట్టి, మళ్లీ అక్కడే ఆగింది. ఎడమచేతి వేళ్లు బల్ల అంచున దేనికోసమో తడుముకుంటున్నాయి. తీగ గుచ్చాల్సిన రంధ్రం దొరకనట్టు. అప్పుడు తలెత్తి నావైపు చూసింది. అలాంటి చూపు నేను దుకాణంలో తరచూ చూస్తుంటాను. గోడ మీది అక్షరం కనబడకపోయినా కనబడుతోందని చెప్పబోయే మనిషి చూపది. నాకు అంతా అర్థమైపోయింది. కార్డు తీసి ఆవిడ చేతికివ్వడం క్షణం పని. కానీ పక్కన కొడుకు కళ్లప్పగించి చూస్తున్నాడు. కార్డు బయటికి తీస్తే ఆవిడ పరువు, ఆ లైను, రెండూ పోతాయి.

నా కోపం జన్మలో ఒక్కసారి సమయానికి పనికొచ్చింది.

"ఏవండీ, అవతలికి జరగండి! నంబర్ కొడుతుంటే అలా మీదపడి చూస్తారేంటి?"

"నేనా? నేను కొడుకునే!"

"కొడుకైతే? ఇప్పటిదాకా జరిగింది చాలదా? అటు తిరగండి!" అని, వెనకవాళ్ల మీద పడ్డాను. "మీరూనూ! గీత ఎందుకు గీశారు బాబూ, అందానికా? వెనక్కి జరగండి!"

జనం గీత వెనక్కి వెళ్లారు. మా ఆయన, "దీని నోటికి దణ్ణం" అని గొణుక్కుంటూ వీపు తిప్పాడు. నేను సంచీని బల్ల మీద అడ్డంగా నిలబెట్టి, దాని చాటున అరచేతిలో కార్డు పట్టుకున్నాను. అత్తయ్య కళ్లజోడు నేను దగ్గరుండి చేయించిందే. ఆవిడకు అక్షరం మూరెడు దూరంలో ఉండాలని నాకు తెలుసు. సరిగ్గా అంత దూరంలో పెట్టాను. వేలు మళ్లీ కదిలింది. చివరి అంకె కొట్టగానే పిడికిలి మూసేశాను.

"సరిపోయింది" అంది కౌంటర్లో ఆవిడ, కంప్యూటర్ నుంచి కళ్లు తిప్పకుండా. "నలుగురూ మీలా జాగ్రత్తగా ఉంటే మాకీ గొడవలే ఉండవు పెద్దమ్మా." ఆవిడ చూసిందో లేదో నాకు తెలియదు.

తిరుగు బస్సులో మా ఆయన ముందు సీట్లో కూర్చున్నాడు. అత్తయ్య కిటికీ వైపు చూస్తూ, నాకు మాత్రమే వినబడేట్టు అంది. "ఈ మధ్య అంకెలు మధ్యలో జారిపోతున్నాయే."

"తెలుసత్తయ్యా."

"వాడికి..."

"ఆ లైను ఎప్పుడో కట్టయిపోయింది" అన్నాను.

ఆవిడ నవ్వింది. తర్వాత నా ముంజేయి పట్టుకుని, మా స్టాపు వచ్చేదాకా వదల్లేదు.

మర్నాడు బట్టలు మడతపెడుతూ ఆ నంబర్ నేను కంఠతా పట్టాను. ఆ తర్వాత ఎక్కడ అవసరమైనా, "పైకి చెప్పను, కొడతాను" అనేది అత్తయ్య. నేను పక్కన నిలబడి, బల్ల చాటున ఆవిడ ఎడమ అరచేతిలో వేలితో తట్టేదాన్ని. ఒకటికి ఒక తట్టు, రెండుకు రెండు. సున్నాకు పది తట్లు. పాత డయలు ఫోన్లలో అలాగే ఉండేదని ఆవిడే నేర్పింది. వీధిలో మాత్రం ఆవిడ పేరు మారుమోగిపోయింది. "జిరాక్సు ఇస్తే దాని మీద అడ్డంగా 'ఫోన్ కోసం మాత్రమే' అని రాసి మరీ ఇవ్వండే" అని అందరికీ పాఠాలు చెప్పేది. కన్నకొడుక్కి కూడా నంబర్ చెప్పని మనిషని మా ఆయన గొప్పగా చెప్పుకునేవాడు. నేను వింటూ ఊరుకునేదాన్ని.

ఆవిడ పోయాక లైను మూయించడానికి మళ్లీ అదే ఆఫీసుకు వెళ్లాను. ఈసారి కౌంటర్లో ఎవరో కొత్త అతను. "ఆవిడ గుర్తింపు నంబర్ చెప్పండి మేడమ్" అన్నాడు. చెప్పనని, మీటల పెట్టె ఇటు తిప్పమన్నాను. కార్డు తియ్యకుండానే కొట్టడం మొదలుపెట్టాను. సున్నా దగ్గరికి వచ్చేసరికి నా ఎడమచెయ్యి తనంతట తనే బల్ల మీద పదిసార్లు తట్టింది. కింద అరచెయ్యి లేదు. అక్కడ నిలబడే ఏడ్చేశాను. పాపం, అతను కంగారుపడి మంచినీళ్లు తెప్పించాడు.

నా నంబర్ నాకిప్పటికీ రాదు. కార్డు చూస్తే గానీ చెప్పలేను. అత్తయ్యది మాత్రం నిద్రలో లేపి అడిగినా వస్తుంది. చెప్పమంటే మాత్రం చెప్పను.