మంజూరు అడగని అర్జీ

మీకు ఉన్నదాన్నే మీకు మంజూరు చేయమని మీరెన్నడైనా ఎవరినైనా వేడుకున్నారా? నేను మరొకరి తరఫున అలా రాశాను.

కళాశాల వాదపోటీలో అమెరికాలోని ఒజిబ్వే తెగ గురించి మాట్లాడి గెలిచినవాణ్ణి నేను. ప్రభుత్వంతో చేసుకున్న ఒప్పందాల్లో భూమి వదులుకున్నా, అక్కడి వేట, చేపలు, సరస్సుల్లో పండే అడవి ధాన్యం తమవేనని వాళ్ల వాదన. నాది ఎదుటి పక్షం. "ప్రభుత్వం ఇచ్చిన హక్కును ప్రభుత్వమే వెనక్కి తీసుకోవచ్చు" అన్నాను. చప్పట్లు కొట్టారు.

సౌదీలోని దమ్మామ్‌లో ఉద్యోగం వచ్చాక, సెలవురోజులైన శుక్రవారాలు హుఫూఫ్ ఊరికి వెళ్లేవాణ్ణి. అక్కడి ఖర్జూర తోటలో ఆదిలాబాద్ వైపు గోండు ఒకాయన పనిచేసేవాడు. కాయ పట్టేందుకు మార్చిలో మగచెట్టు పూరెమ్మలను ఆడచెట్ల గెలల్లో కట్టాలి కనుక కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, సెలవివ్వలేదు. సరిగ్గా అప్పుడే వాళ్ల ఊళ్లో ఇప్పపువ్వు రాలుతుంది. ఆ ఏడు అటవీ సిబ్బంది ఏరనివ్వలేదట. ఆదివారం అటవీ హక్కుల గ్రామసభ. ఆలోగా అర్జీ చేరకపోతే ఆయన ఇంటి ఇప్పచెట్లు హక్కుల జాబితాలోకి రావు.

తోటలో కూర్చుని రాసి, చదివి వినిపించాను: "హక్కు మంజూరు చేయ ప్రార్థన."

"ఆగు తమ్మీ. మంజూరేంది? గా చెట్లు మా తాత ముత్తాతల నాటియి. ఫారెస్టోళ్లు నిన్న మొన్న అచ్చిండ్రు."

"అర్జీలు ఇలాగే రాస్తారన్నా."

"గట్ల రాస్తే ఇచ్చేటోళ్లు ఆళ్లే అయితరు, గుంజుకునేటోళ్లు గూడ ఆళ్లే. సదువుకున్నోనివి, గంత తెల్వదా?"

నా పాత వాదమే అది, అవతలి పక్క నుంచి. ఒజిబ్వేల సంగతి, పోటీ సంగతి చెప్పాను. పగలబడి నవ్వాడు.

"గెలిచినవా? ఎదురుంగ నా అసొంటోడు లేకపాయె!"

నవ్వు ఆగాక, ఏం రాయాలో చెప్పాడు. "మా ఊరి పెద్ద పటేలు పూజ చెయ్యంది ఒక్క పువ్వు ముట్టం. కొమ్మ నరికినోడు ఊరి ముంగట నిలబడాలె. మొక్క మొలిస్తే కంచె కడతం. గది రాయి."

'మంజూరు' కొట్టేసి 'గుర్తించాలి' అని పెట్టి, అదే రాశాను. ఫొటో వాట్సాప్‌లో ఆయన భార్యకు వెళ్లింది.

మరునాడు ఒప్పందాల గురించి మళ్లీ చదివాను. ఒజిబ్వేలకు ఎవరూ హక్కులివ్వలేదు. భూమి ఇస్తూ వాటిని తమకే ఉంచుకున్నారు. న్యాయస్థానాలు ఆ మాటనే ఒప్పుకున్నాయి. ఎన్ని చేపలు పట్టాలో నేటికీ తమకు తామే కట్టడి పెట్టుకుంటారు. ఇవన్నీ పోటీనాడే నా చేతిలోని కాగితాల్లో ఉన్నాయి. గెలుపుకు పనికిరావని పక్కన పెట్టాను.

ఆదివారం ఆయన భార్య సభలో అర్జీ చదివింది. చెట్లు జాబితాలో చేరాయి. పట్టా ఇంకా రాలేదు.

అర్జీ రాయగలిగిన మీరు ఒక పని చేయండి. మీ మండలంలో ఇలాంటి గ్రామసభ జరిగే రోజు వెళ్లి కూర్చోండి. వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాయండి. మంజూరు చేయమని రాయకండి, గుర్తించమని రాయండి.